వాననీటి బీరు: పైకప్పు నుంచి పీపా దాకా

బీరులో తొంభై శాతానికి పైగా ఉండేది నీరే. అయినా ఇంట్లో బీరు కాచుకునేవారిలో చాలామంది మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రకాన్నీ, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) పండిన ప్రాంతాన్నీ, ఈస్టు (పులియబెట్టే సూక్ష్మజీవి) జాతినీ ఏరి ఎంచుకుంటారు గానీ, నీటి విషయానికి వచ్చేసరికి కుళాయి తిప్పితే వచ్చినదానితో సరిపెట్టుకుంటారు. ఆ కుళాయి పక్కనే వాననీటి ట్యాంకు కూడా ఉన్న ఇళ్లలో మాత్రం ఏ నీటితో కాచాలన్న ప్రశ్న తప్పదు. దక్షిణ ఆస్ట్రేలియా అటువంటి చోటు. వాననీటి ట్యాంకులు ఉన్న ఇళ్ల వాటా ఆ దేశంలో అన్ని రాష్ట్రాలకంటే అక్కడే ఎక్కువ. రాజధాని అడిలైడ్‌కు సరఫరా అయ్యే నీటిలో కొంత మర్రే నది నుంచి వస్తుంది. ఆ నీటి రుచి నచ్చక తాగడానికి, టీ కాచుకోవడానికి ట్యాంకు నీళ్లే వాడే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 1862లో మొదలైన కూపర్స్ బ్రూవరీ కూడా ఆ నగరానిదే. ఇంటి బీరుకు కావలసిన మాల్టు రసం డబ్బాలను అనేక దేశాల్లో అమ్మే సంస్థ అది. ట్యాంకూ, డబ్బా రెండూ ఒకే పెరట్లో ఉండే ఆ ఊరి పరిస్థితిని ఆధారంగా చేసుకుంటే, వాననీటితో బీరు కాచడంలోని లాభనష్టాలను ఊహల మీద కాకుండా వాస్తవాల మీద చర్చించవచ్చు.

ఈ విషయంలో సాధారణంగా వినిపించే వాదనలు రెండు. వాననీరు స్వచ్ఛమైనది కాబట్టి దానితో చేసిన బీరు కూడా శ్రేష్ఠంగా ఉంటుందన్నది మొదటిది. వాననీటిలో పక్షుల రెట్టలు, క్రిములు ఉంటాయి కాబట్టి దాన్ని ముట్టుకోరాదన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ చూడవలసిన చోట చూడడం లేదు. స్వచ్ఛత అనేది బీరు విషయంలో ఒక గుణం కంటే ఒక లోటు; క్రిముల సమస్యను బీరు తయారీ ప్రక్రియే చాలావరకు పరిష్కరిస్తుంది. అసలు తేల్చుకోవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: నీరు ఏ పైకప్పు మీదుగా జారి, ఏ ట్యాంకులో నిలిచింది? ఆ నీటితో కాచబోయేది గింజల నుంచా, డబ్బాలోని రసం నుంచా?

మేఘం నుంచి రాలే చినుకులో కరిగిన ఖనిజాలు దాదాపు ఉండవు. గాలిలోని కార్బన్ డయాక్సైడు కొద్దిగా కరగడం వల్ల దాని పీహెచ్ సుమారు 5.6 దగ్గర ఉంటుంది. సముద్రతీరానికి దగ్గరలో అయితే అలల తుంపర్ల వల్ల కొద్దిపాటి ఉప్పు, పరిశ్రమలున్న చోట కొంత సల్ఫేటు, నైట్రేటు చేరతాయి. పీహెచ్ సంఖ్యను చూసి, వాననీరు ఆమ్లగుణం గలది కాబట్టి మాష్‌ను (వేడి నీటిలో కలిపిన మాల్టు పిండిని) కూడా పుల్లబరుస్తుందని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఆ ఆమ్లతకు బలం లేదు. నీటిని వేడిచేస్తే కరిగిన వాయువు పోతుంది, ఆమ్లతలో అధిక భాగమూ దానితోనే పోతుంది. మిగిలినది మాల్టులోని ఫాస్ఫేట్ల, ప్రోటీన్ల ముందు నిలవదు. పీహెచ్ కొలమానాన్ని 1909లో ప్రవేశపెట్టిన సోరెన్‌సన్ పనిచేసినది కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. బీరు తయారీదారులకు కావలసినది నీటి పీహెచ్ కాదు, పిండిలో నీరు కలిసిన తర్వాతి పీహెచ్. ఆ రెండూ వేర్వేరు సంఖ్యలు.

ఖనిజాలు లేని నీరు బీరుకు పనికిరాదా అంటే, చరిత్ర అలా చెప్పడం లేదు. బొహీమియాలోని పిల్సెన్ పట్టణపు నీరు వాననీటికి బాగా దగ్గరగా ఉంటుంది. లీటరుకు పది మిల్లీగ్రాముల లోపు కాల్షియం, అంతకంటే స్వల్పంగా సల్ఫేటు, క్లోరైడు మాత్రమే అందులో ఉంటాయి. 1842లో బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ ఆ నీటితో, లేత రంగు మాల్టుతో, ఆ ప్రాంతపు జాటెత్స్ హాప్స్‌తో కాచిన బంగారు రంగు లాగర్ (చల్లటి చోట నెమ్మదిగా పులిసే బీరు) ఇవాళ ప్రపంచంలో అత్యధికంగా తాగే బీరు రకానికి మూలం. ఇందుకు పూర్తిగా భిన్నమైనది ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్. జిప్సం (కాల్షియం సల్ఫేటు) పొరల మీదుగా వచ్చే అక్కడి బావినీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాములకు పైగా సల్ఫేటు ఉంటుంది. హాప్స్ చేదును పొడిగా, స్పష్టంగా పైకి తెచ్చే పేల్ ఏల్ అనే లేత రంగు బీరుకు అది ఇల్లు. 1878లో రసాయనవేత్త సి. డబ్ల్యూ. విన్సెంట్ ఇతర ఊళ్ల నీటికి జిప్సం కలిపి బర్టన్ నీటిలా మార్చే పద్ధతిని కనిపెట్టాక, ఒక ఊరి బీరు కోసం ఆ ఊరికే వెళ్లవలసిన అవసరం తీరిపోయింది. ఉన్న ఖనిజాన్ని తీసివేయడం ఖర్చుతో కూడిన పని. లేని ఖనిజాన్ని చేర్చడం చెంచాతో అయ్యే పని. వాననీటికి బీరు తయారీలో ఉన్న అసలైన విలువ ఇదే. దాన్ని ఏ ఊరి నీరుగానైనా మార్చుకోవచ్చు.

వాననీటితో బీరు కాచడం కొత్త ఆలోచన కూడా కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లిషు బ్రూయింగ్ రచనల్లోనే దాని ప్రస్తావన ఉంది. అది మెత్తని నీరనీ, త్వరగా తాగేసే ఏల్స్‌కు అనుకూలమనీ, పీపాల్లో చాలాకాలం నిలవ ఉంచే బీరుకు మాత్రం అంత తగదనీ, పెంకుల మధ్య సున్నపు గారలోని లవణం అందులోకి దిగకుండా చూసుకోవాలనీ అప్పటివారు హెచ్చరించారు. రసాయనశాస్త్రం ఇంకా రూపు దిద్దుకోని కాలంలో చేసిన ఆ పరిశీలన ఎంత సూటిగా ఉందో గమనించదగినది. నీటి గుణం వానలో కంటే పైకప్పు మీదే మారుతుందని వారికి అప్పుడే తెలుసు.

గింజల నుంచి బీరు కాచేవారికి వాననీటితో వచ్చే మొదటి చిక్కు కాల్షియం లేకపోవడం. మరపట్టిన మాల్టును సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచే దశను మాష్ అంటారు. గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారేది అక్కడే. ఆ పని చేసే ఎంజైములకు 5.2 నుంచి 5.6 మధ్య పీహెచ్ అనుకూలం. లేత రంగు మాల్టును ఖనిజాలు లేని నీటిలో కలిపితే పీహెచ్ 5.7, 5.8 దగ్గర ఆగిపోతుంది. నీటిలో కాల్షియం ఉంటే అది మాల్టులోని ఫాస్ఫేట్లతో కలిసి అవక్షేపంగా దిగి, ఆ క్రమంలో హైడ్రోజన్ అయాన్లను విడుదల చేసి పీహెచ్‌ను తగ్గిస్తుంది. నీటిలోని బైకార్బనేటు, అంటే క్షారత, దీనికి ఎదురుగా పనిచేస్తుంది. ఈ రెండింటి మధ్య లెక్కను 1953లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ కోల్‌బాక్ సూత్రంగా మార్చాడు: మూడున్నర తుల్యభాగాల కాల్షియం ఒక తుల్యభాగం క్షారతను రద్దు చేస్తుంది, మెగ్నీషియం అయితే ఏడు భాగాలు కావాలి. వాననీటిలో క్షారత లేదు, కాల్షియమూ లేదు. అందువల్ల లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది. చేర్చే ప్రతి గ్రాము ఫలితాన్నీ ముందుగానే అంచనా వేయవచ్చు. ఊరి నీటి విషయంలో ఈ సౌలభ్యం ఉండదు, ఎందుకంటే జలాశయం మారినప్పుడల్లా, కాలం మారినప్పుడల్లా అందులోని ఖనిజాల పాళ్లు మారుతుంటాయి.

కాల్షియం చేసే పనులు పీహెచ్ దగ్గర ఆగవు. పిండిని విడగొట్టే ఆల్ఫా అమైలేజు వేడికి చెడకుండా అది కాపాడుతుంది. మాల్టులోని ఆక్సలేటును మాష్‌లోనే అడుగుకు దింపుతుంది. లేకపోతే అది తర్వాత సీసాలో స్ఫటికాలుగా మారి, మూత తీయగానే బీరు పొంగిపోవడానికి కారణమవుతుంది. పులియడం పూర్తయ్యాక ఈస్టు కణాలు గుంపుకట్టి అడుగుకు చేరి బీరు తేటపడడానికీ అదే తోడ్పడుతుంది. మాల్టులోనూ కొంత కాల్షియం ఉంటుంది కాబట్టి పిల్సెన్ వారిలాగా అతి తక్కువతో నెట్టుకురావడం సాధ్యమే, అయితే అందుకు మాష్ పద్ధతిలోనూ, చల్లటి నిలవలోనూ చాలా ఓపిక కావాలి. ఇంటి స్థాయిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం లక్ష్యంగా పెట్టుకోవడం ఆచరణకు అనువైన మార్గం.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఇరవై లీటర్లకు పైబడిన బీరు కోసం సుమారు 30 లీటర్ల వాననీరు తీసుకున్నారనుకుంటే, మూడు గ్రాముల జిప్సం, మూడు గ్రాముల కాల్షియం క్లోరైడు కలిపితే లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల కాల్షియం, 56 మిల్లీగ్రాముల సల్ఫేటు, 48 మిల్లీగ్రాముల క్లోరైడు వస్తాయి. ఏ వైపూ మొగ్గని సమతూకపు నీరు అది. హాప్స్ చేదు ముందుకు రావాలంటే జిప్సం ఏడు గ్రాములకు పెంచి, క్లోరైడును రెండు గ్రాములకు తగ్గిస్తే సల్ఫేటు 130 దాటుతుంది. మాల్టు నిండుదనం కావాలంటే పాళ్లు తిరగవేయాలి. తూకానికి వంటింటి త్రాసు చాలదు, గ్రాములో పదో వంతు చూపే చిన్న త్రాసు కావాలి. ఈ మొత్తం వ్యవహారంలో కొనితీరవలసిన పరికరాల్లో అది ఒకటి.

నల్లటి బీర్ల దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. మాడ్చిన మాల్టు, మాడ్చిన బార్లీ స్వయంగా ఆమ్లగుణం గలవి. క్షారత గల నీటిలో ఆ ఆమ్లత సర్దుకుంటుంది. డబ్లిన్, మ్యూనిక్, లండన్ నగరాల్లో ముదురు రంగు బీర్లు వేళ్లూనుకోవడానికి అక్కడి బైకార్బనేటు నీరు ఒక కారణమని చెప్పేది అందుకే. వాననీటిలో అదే స్టౌట్ అనే నల్లటి బీరు కాస్తే మాష్ పీహెచ్ 5.2 కంటే దిగువకు జారి, బీరు పలచగా, నాలుకకు గీరుకున్నట్టు తగులుతుంది. ఇందుకు విరుగుడుగా కొద్దిపాటి వంటసోడా కలపవచ్చు, లేదా మాడ్చిన గింజలను మాష్ చివర్లో మాత్రమే వేయవచ్చు. వాననీరు మెత్తనిది కాబట్టి అన్నిటికీ మంచిదే అన్న నమ్మకం వమ్మయ్యేది ఇక్కడే. కందిపప్పు ఏ నీటిలో త్వరగా ఉడుకుతుందో ఆ నీరే బీరుకూ మేలైనదని అనుకునే తెలుగువారికి స్టౌట్ ఎదురుచెబుతుంది.

డబ్బాలోని మాల్టు రసంతో కాచేవారి పరిస్థితి వేరు. ఆ రసాన్ని తయారుచేసిన కర్మాగారంలోనే మాష్ జరిగిపోయింది. అక్కడి నీటిలోని ఖనిజాలు కూడా రసంతోపాటే చిక్కబడి డబ్బాలోకి చేరాయి. కాబట్టి ఇంటి దగ్గర కలిపే నీటిలో ఖనిజాలు ఎంత తక్కువ ఉంటే అంత మేలు; ఉప్పెక్కువైన కుళాయి నీరు కలిపితే ఖనిజాలు రెండింతలవుతాయి. రసాయనశాస్త్రపరంగా చూస్తే వాననీటికి ఇంతకంటే తగిన ఉపయోగం లేదు. జిప్సం అక్కరలేదు, పీహెచ్ లెక్క అక్కరలేదు.

కానీ ఇదే పద్ధతి క్రిముల విషయంలో అన్నిటికంటే బలహీనమైనది. గింజల నుంచి కాచేటప్పుడు వడకట్టిన తియ్యటి ద్రావణాన్ని, అంటే వర్ట్‌ను, గంటసేపు తెర్ల కాస్తారు. పక్షులు, పొస్సమ్‌లు (చెట్లెక్కే చిన్న ఆస్ట్రేలియా జంతువులు) కప్పుమీద వదిలిన మలం ద్వారా నీటిలో చేరే కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా, జియార్డియా వంటివేవీ ఆ కాపును తట్టుకోలేవు. డబ్బా పద్ధతిలో అలా కాచే దశే లేదు. 1.7 కిలోల రసాన్ని రెండు లీటర్ల వేడి నీటిలో కరిగించి, మిగతాదంతా చన్నీళ్లే పోసి 23 లీటర్లకు నింపడమే అందులోని పని. క్లోరిన్ కలిసిన కుళాయి నీటిని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఏర్పాటు అది. ఆ చన్నీళ్ల స్థానంలో ట్యాంకు నీరు నేరుగా పోస్తే, ఈస్టు పుంజుకోవడానికి పట్టే మొదటి పది, పన్నెండు గంటల్లో నీటిలోని బాక్టీరియా, అడవి ఈస్టు తియ్యటి ద్రావణాన్ని ఆక్రమిస్తాయి. పులిసిన బీరులోని ఆల్కహాలు, హాప్స్, తక్కువ పీహెచ్ రోగకారక క్రిములను ఆ తర్వాత అణచివేస్తాయి గానీ, అప్పటికే పుట్టిన ఉడికిన కూరగాయల వాసన, పులుపు బీరులో మిగిలిపోతాయి. సీసాలు కడగడానికి, ఈస్టును నానబెట్టడానికి, సీసాలో వేసే చక్కెరను కరిగించడానికి వాడే నీటికి కూడా ఇదే వర్తిస్తుంది. ముందురోజే ఆ నీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చుకోవడం ఒక్కటే మార్గం. మరిగిన నీటిలో ప్రాణవాయువు ఉండదు కాబట్టి ఈస్టు వేసే ముందు ద్రావణాన్ని బాగా గిలకొట్టాలి.

క్రిములకు మరిగించడం మందు. లోహాలకు అది మందు కాకపోగా, ఎదురు. ముప్పై లీటర్ల నీరు గంట కాపులో ఇరవై అయిదు లీటర్లకు దిగితే, అందులోని సీసం సాంద్రత అయిదో వంతు పెరుగుతుంది. కొంత సీసం గింజల పిప్పికీ, ఈస్టుకూ అంటుకుని పోయినా, ఎంత పోతుందన్నది కాచే తీరు మీద ఆధారపడే విషయం. దాని మీద భరోసా పెట్టుకోవడం వివేకం కాదు. జనం భయపడేది కంటికి కనిపించే రెట్టలకు. భయపడవలసినది కంటికీ నాలుకకూ అందని సీసానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో సీసానికి సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. తెలుగు ఇళ్లలో వాటర్ ఫిల్టర్ బాగు చేయడానికి వచ్చేవారి చేతిలో కనిపించే టీడీఎస్ మీటరు లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే చిన్న తేడాను చూపలేదు. అది 15 అని చూపినప్పుడు నీటిలో ఖనిజాలు తక్కువని మాత్రమే తెలుస్తుంది. పరిమితికి పదింతలు సీసం ఉన్నా ఆ సంఖ్య కదలదు. బీరు కాచేవారికి ఖనిజాల అంచనాకు ఆ మీటరు పనికొస్తుంది, భద్రతకు సాక్ష్యంగా మాత్రం పనికిరాదు.

సీసం మేఘాల నుంచి రాదు. పాత ఆస్ట్రేలియా ఇళ్లలో పొగగొట్టం చుట్టూ, కప్పు కలిసే మూలల్లో నీరు కారకుండా సీసపు రేకులు పరిచేవారు. పాతకాలపు పెయింటులోనూ, గట్టర్ల అతుకుల్లోని టంకంలోనూ సీసం ఉండేది. ఖనిజాలు లేని, కొద్దిగా ఆమ్లగుణం గల నీరు లోహాన్ని కొరికే స్వభావం గలది కాబట్టి అదే రేకు మీదుగా ఊరి నీరు జారితే కరిగేదానికంటే వాననీరు జారితే కరిగేది ఎక్కువ. రాగి గొట్టాల్లో రాత్రంతా నిలిచిన ట్యాంకు నీటికీ ఇదే గతి. జింకు పూత పూసిన రేకుల కప్పు నుంచి జింకు దిగుతుంది. ఈస్టుకు జింకు అవసరమే, అయితే ఆ అవసరం లీటరుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల పాటిది. మూడు, నాలుగు మిల్లీగ్రాములకు చేరితే నీటి రుచిలోనే వగరు తెలుస్తుంది. కట్టెల పొయ్యి పొగగొట్టం ఉన్న కప్పు, తారు పూసిన షీట్లు, రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలతో శుద్ధిచేసిన కలప వాడిన కప్పు తాగునీటి సేకరణకే తగవు. ఇక బీరు మాట చెప్పనక్కరలేదు. కాల్చిన ఎనామెల్ పూత గల కొత్త ఉక్కు రేకులు, మెరుగు పూసిన పెంకులు మెరుగైనవి. బెర్ముడా ద్వీపంలో నదులు లేవు. అక్కడి ఇళ్లకు సున్నం పూసిన తెల్లటి మెట్ల కప్పులు కట్టి ఆ నీటినే తాగుతారు. ఆ సున్నం నీటికి కొంత కాల్షియాన్నీ, క్షారతనూ ఇస్తుంది.

ట్యాంకు కూడా నీటిని మారుస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకులో నీరు మెత్తగానే ఉండిపోతే, కాంక్రీటు ట్యాంకులో, ముఖ్యంగా కొత్తదానిలో, సిమెంటులోని సున్నం కరిగి పీహెచ్, క్షారత పెరుగుతాయి. అంటే పక్కపక్క ఇళ్లలో ఒకే వాన పట్టినా, ఒకరి నీటిలో పిల్స్‌నర్ (పిల్సెన్ తరహా లాగర్) చక్కగా కుదిరి, మరొకరి నీటిలో మాష్ పీహెచ్ మొండికేయవచ్చు. వాననీరు అన్నంత మాత్రాన ఖనిజాలు సున్నా అని లెక్కలో వేసుకోవడం ప్లాస్టిక్ ట్యాంకున్నవారికే చెల్లుతుంది. ఇక ట్యాంకు అడుగున పేరుకునే బురద లోహాలకు గిడ్డంగి. నీటిలో తేలే సీసం, దుమ్ము రేణువులతో కలిసి అక్కడికే దిగుతుంది. కుళాయి ఆ పొరకు పైన ఉండాలి, ట్యాంకు అడుగంటిన రోజుల్లో ఆ నీటితో బీరు కాచకూడదు. దక్షిణ ఆస్ట్రేలియాలో వానలు శీతకాలంలో, అంటే మే నుంచి ఆగస్టు వరకు ఎక్కువగా కురిసి, వేసవి పొడిగా గడుస్తుంది. ట్యాంకులో తాజా నీరు నిండే నెలలూ, పులియబెట్టడానికి ఇంటి గది సహజంగా చల్లగా ఉండే నెలలూ ఒకటే కావడం అక్కడివారి అదృష్టం.

ఎండల తర్వాత కురిసే మొదటి వాన కప్పును కడుగుతుంది. ఆ నీటిని వదిలేసే ఏర్పాటు, అంటే తొలి నీరు విడిగా ఒక గొట్టంలో నిండి, అది నిండాకే మిగతాది ట్యాంకులోకి మళ్లే సాధనం, చవకైనదీ ప్రయోజనకరమైనదీ. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన వంద లీటర్లకు సమానం. అర మిల్లీమీటరు వదిలేస్తే పోయేది యాభై లీటర్లే. నష్టాలన్నీ పోను పది మిల్లీమీటర్ల వాన ఒక్కటి ఎనిమిది వందల లీటర్లు ఇస్తుంది, అంటే ఇరవైకి పైగా కాపులకు సరిపడా నీరు. బీరుకు కావలసిన పరిమాణం ఇంత స్వల్పమైనప్పుడు తొలి నీటి విషయంలో పిసినారితనం అర్థరహితం. కార్చిచ్చు బూడిద కప్పుమీద పడితే మాత్రం ఇది కూడా చాలదు; ట్యాంకుకు వెళ్లే గొట్టాన్ని ముందే విడదీసి, కప్పు కడిగాక తిరిగి కలపాలి.

తొలకరి మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ అనే పదార్థం ట్యాంకు నీటిలోనూ పుట్టగలదు. లీటరుకు పది నానోగ్రాముల దరిదాపుల్లో ఉన్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. పొలం గట్టున ఆ వాసన ఎంత ఇష్టమైనా, లేత లాగర్‌లో అది తడిసిన గోనెపట్టా వాసనలా అనిపిస్తుంది. ట్యాంకులోకి వెలుతురు చొరకుండా చూడడం, ఆకులు చేరకుండా జల్లెడ పెట్టడం, కాచేముందు నీటిని బొగ్గు ఫిల్టర్ గుండా పంపడం దీనికి మార్గాలు. బొగ్గు ఫిల్టర్ వల్ల మరో ఉపయోగం కూడా ఉంది. 2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ సహకారంతో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, పీఎఫ్ఏఎస్ అనే విచ్ఛిన్నం కాని కృత్రిమ రసాయనాల్లో కొన్నింటి మోతాదు ప్రపంచంలో ఎక్కడి వాననీటిలోనైనా అమెరికా పర్యావరణ సంస్థ అప్పట్లో ప్రకటించిన సూచనా స్థాయిలను మించి ఉంది. ఆ స్థాయిలు అత్యంత కఠినమైనవన్నది నిజమే, అనేక ఊళ్ల కుళాయి నీటిలోనూ ఈ రసాయనాలు ఉన్నాయన్నదీ నిజమే. అయినా వాననీరు మనిషి చేతికి అందని స్వచ్ఛత అన్న భావనకు ఆ అధ్యయనం తెరదించింది.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కుళాయి నీటి లోపాన్ని కూడా చెప్పాలి. అందులోని క్లోరిన్ లేదా క్లోరమైన్ మాల్టులోని ఫినాల్స్‌తో కలిస్తే క్లోరోఫినాల్స్ ఏర్పడి, అతి స్వల్ప మోతాదులోనే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది. వాననీటిలో ఈ బెడద లేదు. అయితే ఈ ఒక్క కారణంతో ట్యాంకు వైపు మళ్లేవారు గమనించవలసినది ఒకటుంది: ఒక చిన్న కాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైటు లవణపు మాత్ర) ఇరవై లీటర్లకు పైగా కుళాయి నీటిలోని క్లోరిన్‌ను నిమిషాల్లో తొలగిస్తుంది. ఊరి నీరు మరీ ఉప్పగానో, బైకార్బనేటుతో నిండిగానో లేని చోట వాననీటి వల్ల రుచిలో వచ్చే తేడా పెద్దదేమీ కాదు. అడిలైడ్ వంటి చోట్ల, బోరునీటి మీద ఆధారపడిన పల్లెల్లో మాత్రం ఆ తేడా నాలుకకు తెలిసేంత ఉంటుంది. అక్కడ కూడా పూర్తిగా వాననీటికే మారనక్కరలేదు. ఊరి నీటిలో సగం వాననీరు కలిపితే క్షారత సగమై, కాల్షియం కొంత మిగిలి, మధ్యరకం బీర్లకు చాలావరకు సరిపోతుంది.

2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డి ప్రాల్ బ్రూవరీ వాననీటితో హేమెల్స్‌వాటర్ పేరిట ఒక బ్లాండ్ (లేత రంగు) బీరు కాచి అమ్మింది. కుండపోత వానల నీరు నగరపు కాలువల మీద పడే భారాన్ని తగ్గించాలన్న ప్రచారంలో అదొక భాగం. శుద్ధిచేసిన వాననీటితో వ్యాపార స్థాయి బీరు సాధ్యమేనని అది చూపింది. ఇంటి పెరట్లో ఆ స్థాయి శుద్ధి, పరీక్షలు ఉండవు కాబట్టి దాన్ని యథాతథంగా ఆదర్శంగా తీసుకోవడం కుదరదు.

చట్టాల సంగతి దేశానికో తీరు. ఆస్ట్రేలియా, న్యూజీలండ్, బ్రిటన్‌లలో సొంత వాడకానికి బీరు కాచుకోవచ్చు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ఫలితంగా ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సమాఖ్య పన్ను లేదు. వాననీటి మీద అక్కడ రాష్ట్రాల వైఖరి పరస్పర విరుద్ధం: టెక్సస్ సేకరణ పరికరాలకు అమ్మకపు పన్ను మినహాయిస్తే, కొలరాడో 2016 దాకా సామాన్య గృహస్థును వాననీరు పట్టుకోనివ్వలేదు, ఆ ఏడాది రెండు పీపాలకు, మొత్తం 110 గ్యాలన్లకు అనుమతిస్తూ, అదీ ఆరుబయట తోట అవసరాలకే అని షరతు పెట్టింది. బీరు తయారీకి అంత పేరున్న రాష్ట్రంలో వాననీటితో ఇంటి బీరు కాచడం ఆ షరతును దాటిన పని అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేని మద్యం తయారీ నేరం, ఇంట్లో తాగడానికి కాచిన బీరు కూడా అందులోకే వస్తుంది. అందుచేత ఈ చర్చ ఆచరణలో ఉపయోగపడేది విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికే.

వారిలో ట్యాంకున్నవారు మొదట చేయవలసినది నీటి పరీక్ష. సీసం, రాగి, జింకు, ఇనుము, ఆర్సెనిక్ ఒకవైపు. కాల్షియం, క్షారత, సోడియం, క్లోరైడు, సల్ఫేటు మరోవైపు. మొదటి వరస ఈ నీటితో కాచవచ్చునా అన్నది చెబుతుంది, రెండోది ఎలా కాచాలన్నది చెబుతుంది. కప్పు మార్చినా, ట్యాంకు మార్చినా పరీక్ష మళ్లీ చేయించాలి. ఫలితం ప్రతికూలంగా వచ్చినా ట్యాంకు వృథా కాదు. మరుగుతున్న వర్ట్‌ను తీగచుట్ట లాంటి గొట్టంతో చల్లార్చేటప్పుడు ఆ గొట్టం లోపల పారే నీరు బీరును తాకదు; ఒక్కో కాపుకు అలా పోయే నీరు బీరులోకి వెళ్లే నీటికంటే ఎక్కువే. చిన్న పంపుతో ట్యాంకు నీటిని ఆ గొట్టం గుండా పంపి, తిరిగి ట్యాంకులోకే వదిలితే, శీతకాలపు చల్లటి ట్యాంకు ఆ పనిని ఒక్క చుక్క ఖర్చు కాకుండా చేసిపెడుతుంది.